మగ్గం ముందట నా చావు సీను

ఒక కళాకారుడి తపన, కన్నీళ్లు, ఆయనను అర్థం చేసుకోని లోకం. గింత పెద్ద కథ చెప్పబోతున్న, కుదురుగ కూసోండి. నిజం చెప్పాల్నంటే అది పదకొండు నిమిషాల సినిమా. ఫోన్ల తీసినం. ఇప్పటిదాక ముప్పైసార్లు చూసిండ్రు, అందుల ఇరవైసార్లు నేనే.

డిగ్రీ అయిపోయి నారాయణపేటల ఇంట్ల కూసున్న రోజులు. నాటకాలు రాస్తున్న అని చెప్పుకునేటోణ్ని. ఎవ్వరూ ఆడకపోతుండె. అందుకే ఎవ్వరూ వినని ఒక నాటక రచయిత మీద నేనే కథ రాసి, నేనే వేషం కట్టిన. ఫోను మా దోస్తుది.

నేతపని చేసే బాపు ఒక్కటే షరతు పెట్టిండు. "నీ సిన్మా చూసి మన వాడకట్టోళ్లు నలుగురు ఏడిస్తే ఏడాది రాసుకో, నేనేమన. లేకుంటే షాద్‌నగర్ కంపెనీల చేరు."

చావు సీను మా ఇంట్లనే, మగ్గం ముందట. నాలుగు పేజీల డైలాగు.

"బాపూ, జరసేపు మగ్గం ఆపవా?"

"పెండ్లి చీరె, నెలాఖరుకు ఇయ్యాలె. నువ్వు సావు, నేను నేస్త."

నేను సచ్చిన, ఆయన నేసిండు. తర్వాత వింటే నా గొంతే లేదు, అంతా మగ్గం టకటక. మల్ల తీద్దామంటే దోస్తుకు డ్యూటీ ఉంది. "సౌండ్ తీసేద్దాం రా. మూకీ సిన్మా అంటే ఇజ్జత్ ఉంటది," అన్నడు. నాలుగు పేజీలు గట్ల పోయినయ్.

ఆదివారం మా టీవీల పెట్టి చూపిచ్చినం. తెర మీద నేను ఛాతి పట్టుకొని నోరు తెరుస్తున్న, మూస్తున్న, మల్ల తెరుస్తున్న. ఆ సీను మూడో నిమిషంల అవ్వ అడిగింది, "వానికి పంటి నొప్పా?"

ఇల్లంత నవ్వింది. పక్కింటి పెద్దమ్మ కొంగుతోని కండ్లు తుడుచుకుంటాంది. "ఏడుస్తాంది సూడు బాపూ," అన్న.

"నవ్వితే వచ్చే నీళ్లు లెక్కకు రావు."

కని బాపు మాత్రం నవ్వలే. కన్నార్పకుండ తెరనే చూస్తుండు. నాకు ఆశ పుట్టింది. నేను ప్రాణం విడిచేటప్పుడు ఆయన లేచి టీవీ దగ్గరికొచ్చిండు. నా శవం వెనక కనవడే మగ్గం మీద వేలు పెట్టి, "గీడ పోగు తెగింది. నేను చూసుకోనే లే," అన్నడు. పోయి నేసిన చీరె విప్పి, తెగిన జాగ పట్టుకొని పోగు అతికిండు. నా సినిమాతోని బాగుపడ్డది ఆ చీరె ఒక్కటే.

షాద్‌నగర్ బస్సు పొద్దుగాల ఐదింటికి. సీటు కావాల్నంటే కిటికీలకెల్లి దస్తీ ఎయ్యాలె.