అచ్చులో లేని మోకాళ్లు

దయ్యాలూ పూనకాలూ అంటే నాకు మొదట్నుంచీ చిరాకు. ఎవరైనా ఆ కథలు మొదలుపెడితే లేచి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు నేను చెప్తుంటే జనం లేచి వెళ్లిపోతున్నారు, అది వేరే సంగతి.

చౌటుప్పల్ దగ్గర హైవే పక్కన నాకో షెడ్డు ఉంది. వినాయకులు, గేట్ల మీది సింహాలు, అన్నీ అచ్చుల్లో పోసి తీస్తాను. అచ్చులో ఏముంటే బయటికి అదే వస్తుంది. కంది వేసిన చేనులో పత్తి మొలవదు కదా.

నల్గొండలో కళాప్రదర్శన పెడుతున్నామని, ఈ దేశపు మామూలు మనిషి బొమ్మ ఒకటి నిలువెత్తున చెయ్యమని ఒక నిర్వాహకుడు అడిగాడు. నాకు మర్రిగూడలో ఉండే మా అక్క గుర్తొచ్చింది. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి చిన్నప్పుడే ఆమె కాళ్లు వంకరపోయాయి. వెళ్లి అడిగితే మండిపడింది.

"ఊర్లెకు వచ్చినోడల్ల నా కాళ్ల ఫొటో తీస్కపోయిండు. ఇగ నువ్వొక్కదానివే మిగిలినవా? గీ కాళ్లతోని నన్ను నలుగుట్ల నిలబెట్టినవనుకో, మల్ల నా గడప తొక్కకు."

నిలబెట్టనని మాటిచ్చాను. హాలియా నుంచి నాట్లు వేసే ఒకామెను పిలిపించాను. తాటిచెట్టులా నిటారుగా ఉంటుంది. మడిలో దిగినట్టు చీర మోకాళ్ల పైకి ఎగ్గట్టి నిలబడితే, ఒంటి మీది నుంచే ముక్కలు ముక్కలుగా అచ్చు తీశాను. అది ఆరాక లోపల అంటుకోకుండా సబ్బు పూసి, తాళ్లతో బిగించి ప్లాస్టర్ పోశాను.

మధ్యాహ్నం విప్పి చూస్తే మోకాళ్లు లోపలికి వంగి ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. ఎడమ పాదం బయటికి తిరిగి ఉంది. అవి మా అక్క కాళ్లు. అచ్చులో చెయ్యి పెట్టి తడిమాను. లోపల నిటారుగానే ఉంది.

పగలగొడదామని సుత్తి అందుకునేసరికి నిర్వాహకుడు దిగాడు. "ఆహా, ఇదీ అసలైన భారతదేశం!" అంటూ ఫొటో తీశాడు. వద్దని మొత్తుకున్నా వినలేదు. ఒకరి నొప్పి ఆయనగారికి కళ! సాయంత్రానికల్లా ఆ ఫొటో మర్రిగూడ ఫోన్లలోకి పాకింది.

మర్నాడు అక్క ఆటోలో దిగింది. బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, నా సుత్తే తీసుకుని మోకాళ్ల మీద కొట్టింది. బొమ్మ కూలిపోయింది. నేను ఆపలేదు.

"ఒట్టక్కా, నేను చెయ్యలే. జర ఆగు, అచ్చు సూపిస్త," అన్నాను.

ఆమె ఎదురుగానే అదే కాళ్ల అచ్చులో మళ్లీ పోశాను. గట్టిపడేదాకా ఆగి విప్పాను. హాలియా ఆమె కాళ్లే వచ్చాయి, నిటారుగా, నున్నగా.

అప్పుడు తెలిసింది నా గొయ్యి నేనే తవ్వుకున్నానని.

"అచ్చు మంచిగనే ఉన్నది గద. మరి నా కాళ్లు ఎవలు చేసిన్రు?" అంది అక్క.

ఈ పనిలో తలపండినవాళ్లను అడిగాను. గట్టిపడ్డ ప్లాస్టర్ పగులుతుందే గానీ వంగదన్నారు. ఆ సంగతి నాకూ తెలుసు. ఆ రోజు జరిగింది మాత్రం ఈనాటికీ నాకు అంతుపట్టలేదు.

మొన్న కూడా మర్రిగూడ వెళ్లాను. అక్క లోపలే ఉంది, తలుపు తియ్యలేదు. నేను చెయ్యలేదక్కా అని ఆ తలుపుకే చెప్పి వచ్చాను.