తాడు పట్టిన చెయ్యి

నా పెద్ద కూతురు పోయింది. జ్వరం మెదడుకెక్కిందన్నారు శ్రీకాకుళం ఆసుపత్రిలో. పాతికేళ్లయినా నిండలేదు. మీలో ఎవరికీ ఆమె తెలియదు. అయినా మీకే రాస్తున్నాను. నేను చదివింది తక్కువ. తప్పులుంటే మా చిన్నది దిద్దుతుంది, మాటలు మాత్రం మార్చొద్దని చెప్పాను.

పోయిన మర్నాడే, ఆమె మొదట పనిచేసిన విశాఖ కంపెనీ వాళ్లు ఫోనులో ఆమె ఫొటో పెట్టి, పక్కన దీపం బొమ్మ పెట్టి, "మా టీంకి తీరని లోటు" అని రాశారట. చిన్నది చదివి వినిపించింది. తీరని లోటట! "నువ్వు చేసిన పని ఏమీ కనిపించడం లేదు" అని వాళ్లే ఇంటికి పంపిన పిల్ల, ఊపిరి పోయాక లోటు ఎలా అయిందో నాకు తెలియాలి. ఆ మాటకి నా ఏడుపు ఆగిపోయింది. ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

మాది శ్రీకూర్మం దిగువన సముద్రపొడ్డు ఊరు. మా ఊళ్లో పెద్ద వల ఉంది. పడవ మీద తీసుకెళ్లి సముద్రంలో చుట్టూ వేసి, రెండు కొసల తాళ్లూ ఒడ్డు నుంచి లాగుతాం. ఆ వల మా పెద్ద బావది, అంటే మా ఆయన అన్నగారిది. చేపలు పంచేటప్పుడు ఆయన ఎవరినీ "నువ్వు లాగావా" అని అడగడు. అరచేతులు చూస్తాడు. ఉప్పునీళ్ల తాడు పట్టిన చెయ్యి కందిపోయి ఉంటుంది, దాచినా దాగదు. దారినపోయేవాడు వచ్చి ఒక పట్టు పట్టినా సరే, వాడికీ గుప్పెడు నెత్తళ్లు పడాల్సిందే.

నా కూతురు నడక నేర్చినప్పట్నుంచీ ఆ తాడు పట్టింది. లాగడమేమిటి, వేలాడేది. పంచే వేళకి మాత్రం రెండు చేతులూ చాపేది.

"ఏటే, నీ సెయ్యి ఎర్రగా నేదే?" అనేవాడు పెదనాన్న.

పరుగున పోయి అరచేతిని తాడుకేసి రుద్దుకుని వచ్చి, "ఇప్పుడు సూడు!" అనేది.

ఎచ్చెర్ల వైపు కాలేజీలో ఇంజనీరింగు చదివింది. విశాఖలో ఉద్యోగం వచ్చింది. మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు మెడలో ఆఫీసు కార్డు తియ్యడం మరిచిపోయి, అలాగే బస్సు దిగింది. మా ఆయన దాన్ని పట్టుకుని చూసి, "ఏటే, గొడ్డుకి పలుపేసినట్టు ఏసీసినారు?" అన్నాడు. "తప్పిపోతే తోలుకొచ్చి అప్పజెప్తారని నాన్నా," అంది నవ్వుతూ. ఆ సాయంత్రం ఆ కార్డు వేసుకునే చేపల పులుసు తింది. చేప తలకాయ ముందు తినేది, ముక్కలు తరవాత. చిన్నప్పట్నుంచీ అంతే.

"రోజంతా ఆపీసులో ఏటి సేస్తావే?" అని అడిగాను.

"నీకు తెలిసిన పనేనమ్మా. వలలో ఒక కన్ను తెగిందనుకో. సూస్తే వలంతా బాగానే ఉంటాది. సేప మాత్రం జారిపోతాది. ఆ తెగింది ఎక్కడుందో ఎతుక్కుని కట్టడమే."

అలా వెతకడంలో ఆమెది మంచి కన్నట. ఎవరి పని ఆగిపోయినా "ఒకసారి వచ్చి చూడవా" అని పిలిచేవారట. వెళ్లి పక్కన కూర్చుని తెగింది పట్టి ఇచ్చేది. ఆ పని వాళ్ల పేరు మీద పూర్తయినట్టు కంప్యూటర్లో పడేది. తన పేరు మీది పని వెనకబడేది.

"అందరి తాడూ నువ్వే లాగతన్నావు. నీ తాడు ఎవులు లాగుతారే?" అన్నాను.

"తాడు పట్టినోడికి వాటా రాకుండా పోదమ్మా," అంది.

అదీ ఆమె చేసిన తప్పు. మా ఇసుకలో పుట్టిన పిల్ల తప్ప ఇంకెవరూ చెయ్యరు ఆ తప్పు. పెద్ద బావలాంటివాడు అక్కడా ఒకడుంటాడనీ, పంచే వేళకి చేతులు చూస్తాడనీ అనుకుంది. మీటలు నొక్కిన చేతికి కందిన గుర్తు ఉండదని ఆమెకి తోచలేదు.

ఒక మధ్యాహ్నం గదిలోకి పిలిచి, "నీ పేరు మీద పని లేదు" అన్నారట. తీసేశామని కూడా అనలేదు. మేం తీసేస్తే నీకు వేరేచోట ఉద్యోగం దొరకదని బెదిరించి, తనంతట తానే మానేస్తున్నట్టు రాయించుకున్నారు. పీక పిసికి, "నా చావు నేనే చచ్చాను" అని ఆ చచ్చినదాని చేతే రాయించుకోవడం కాదా ఇది? ఆమె చేత తాళ్లు లాగించుకున్న వాళ్లందరూ ఆ తలుపుకి ఇవతలే కూర్చుని ఉన్నారు. ఒక్కడు లేవలేదు. ఒక్కడు నోరు విప్పలేదు. చదువుకున్న వాళ్లు కదా, చూపు కంప్యూటర్ మీదే ఉంటుంది కాబోలు.

ఇంటికొచ్చి ఏడుస్తుందనుకున్నాను. సంచి గుమ్మంలో పడేసి, తిన్నగా ఒడ్డుకి పోయి తాడు పట్టింది. మా ఎదురింటావిడ అందరికీ వినపడేలా, "కంప్యూటరమ్మ వచ్చీసింది. పని సేతకాక తోలీసుంటారు," అంది.

"తాడు గట్టిగా పట్టు పిన్నీ, కబుర్లు తరవాత," అని నవ్వేసింది నా కూతురు.

నేను నవ్వలేకపోయాను. పని చేతకానిది అన్న మాట అప్పట్నుంచీ మా వీధిలో తిరుగుతూనే ఉంది. ఆమెను సాగనంపిన రోజున కూడా నా వెనక నిలబడి గుసగుసలాడారు. నా బిడ్డ పోయింది, సరే, దేవుడు తీసుకుపోయాడు. ఆ మాట మాత్రం ఆమె మీద ఎవరు వేశారో వాళ్లే వచ్చి తీసుకుపోవాలి.

తరవాత ఎన్ని కంపెనీల వాళ్లతో ఫోనులో మాట్లాడిందో. నువ్వు ఏమేం చేశావని అడిగితే పక్కవాళ్ల పేర్లు కూడా కలిపి చెప్పేది. "నువ్వు సేసిందే సెప్పవే" అని నేను కసురుకుంటే, "అందరం సేసింది నా ఒక్కదానిదని ఎలా సెప్పనమ్మా?" అనేది. ఆఖరికి విజయనగరంలో ఒక చిన్న ఆఫీసులో తీసుకున్నారు. అక్కడి పెద్దాయన వాళ్ల మధ్యే కూర్చుని పని చేస్తాడట. "ఈయన మన పెదనాన్నలాంటోడమ్మా, సేతులు సూస్తాడు," అని ఫోనులో ఎంత సంబరపడిందో! ఆ సంబరం పాతబడకుండానే జ్వరం వచ్చింది.

పెద్దకర్మ అయిన తరవాతి ఆదివారం పొద్దున్న విశాఖ నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. ఆ మొదటి కంపెనీలో నా కూతురికి పనులు పంచిన అబ్బాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో పళ్ల సంచి. ఫొటోకి దణ్ణం పెట్టి, కళ్లు తుడుచుకుని, "ఎవరి పని ఆగినా తన దగ్గరికే వెళ్లేవాళ్లం ఆంటీ. నాకు ప్రమోషన్ వచ్చిందంటే తన వల్లే," అన్నాడు.

"నాకెందుకు సెప్తావు బాబూ? నా కూతురేటో నాకు తెల్దా? రా, అక్కడ సెప్పు," అని మణికట్టు పట్టుకుని ఒడ్డుకి లాక్కుపోయాను.

వల సగం దూరం వచ్చి ఉంది. ఊరంతా తాళ్ల మీదే ఉన్నారు. "ఈ బాబు మా పాప ఆపీసోడు. ఒక మాట సెప్తాడంట, ఇనండి," అన్నాను. వాడు ఏదో గొణిగాడు. "గట్టిగా సెప్పు బాబూ, గాలికి ఇనబడ్డం నేదు," అంది ఎదురింటావిడే.

"తనకి పని రాక కాదండీ," అన్నాడు వాడు గొంతు పెంచి. "మా అందరి పనీ తనే చేసింది."

ఎదురింటావిడ తల వంచుకుంది. పెద్ద బావ తాడు వదలకుండానే అడిగాడు. "మరి ఆవేళ ఎందుకు సెప్పనేదు?"

"నన్నెవరూ అడగలేదండీ."

అంతే. నీళ్లలో వల ఉండగా తాడు ఆగకూడదు. "లాగండి," అన్నాడు బావ. వాడు కాసేపు దిక్కులు చూసి, ఏం చెయ్యాలో తోచక, చెప్పులు విప్పి నా వెనక తాడు పట్టాడు. నాకు జాలి కలగలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి?

వల ఒడ్డెక్కాక బావ అందరికన్నా ముందు ఒక వాటా తీసి నా కొంగులో పోశాడు. "ఇది దానిది," అన్నాడు. కానాగంతలు. ఇంకా కదులుతున్నాయి. వరసగా అందరి చేతులూ చూస్తూ వచ్చి ఆ అబ్బాయి చెయ్యి తిప్పి చూశాడు. మెత్తటి చెయ్యి, అడ్డంగా కంది ఉంది. చేపలు తీసి ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి వాడికి ఇచ్చాడు.

"వద్దండీ, నాకెందుకు," అన్నాడు వాడు.

"తాడు పట్టినావు కదా. ఇక్కడ అడగక్కర్నేదు. తీసుకో."

తీసుకున్నాడు. చొక్కాకి తగలకుండా ఆ సంచిని చెయ్యి చాపి దూరంగా పట్టుకుని, బస్సు రోడ్డు వైపు నడిచాడు. సంచికి ఎక్కడో చిల్లు ఉన్నట్టుంది. వాడి అడుగుల పక్కనే, పొడి ఇసుక మీద, ఉప్పునీటి చుక్కలు వరసగా రోడ్డు దాకా పడుతూ పోయాయి.