అన్నం మానేసి బాపట్ల వెళ్ళిన రోజు

రేపల్లె నుంచి బాపట్లకి నేరుగా బస్సుంది. అయినా వెళ్ళేటప్పుడు నేను తెనాలి మీదుగా రైల్లోనే వెళ్ళాను. కుడి డొక్కలో నెప్పి ఉన్నవాళ్ళు ఆ గతుకుల రోడ్డు మీద రెండు గంటలు కూర్చోవటం కష్టం. నా పిత్తాశయంలో రాళ్ళున్నాయి. అవి తియ్యాలంటే ముందు బరువు తగ్గాలని బాపట్ల డాక్టరుగారు శివరాత్రి ముందు చెప్పారు. అప్పుడు డెబ్బై రెండు కిలోలున్నాను. అరవై నాలుగుకి వస్తేనే ఆపరేషన్ చేస్తానన్నారు. మా అమ్మకి చేసిందీ ఇదే ఆపరేషన్. మత్తు ఇచ్చాక గుండె ఆగిపోయింది, మళ్ళీ కళ్ళు తెరవలేదు. ఆవిడదీ నాలాంటి భారీ ఒళ్ళే. అందుకని మా ఇంట్లో ఆ అంకెని ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

వేసవిలో అరవై ఎనిమిదికి దిగాను. వానల్లో జ్వరం వచ్చి మూడు వారాలు మంచాన పడ్డాను. జ్వరం దిగి పథ్యం పెట్టాక ఆకలి ఆగలేదు, తగ్గిందంతా తిరిగి వచ్చింది. అప్పుడు అన్నం పూర్తిగా మానేశాను. రెండు నెలలు మెతుకు ముట్టలేదు. దాని ఫలితం చూసుకోవటానికే ఈ ప్రయాణం.

ప్యాసింజరు రేపల్లెలో పొద్దున ఆరింటికి. బండి అక్కడే మొదలవుతుంది కాబట్టి అరగంట ముందు వెళ్తే కిటికీ పక్క చోటు దొరుకుతుంది. పుస్తకం తెచ్చుకున్నాను కానీ ఒకే పేజీ మూడుసార్లు చదివి మూసేశాను. భట్టిప్రోలు, వేమూరు దాటాక జంపని దగ్గర చెరుకు బండ్లు రైలు గేటు అవతల బారులు తీరి ఉన్నాయి. ఎనిమిది కావస్తుండగా తెనాలి చేరాం. బాపట్ల బండికి గంట వ్యవధి ఉంది. స్టేషన్లో రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నాను. అన్నం తినను కదా, మధ్యాహ్నం దాకా ఆగాలి కదా అనుకున్నాను. ప్లాట్‌ఫారం మీద తూకం మిషన్ ఉంది. పది పైసలు వేస్తే అట్టముక్క వచ్చింది. డెబ్బై మూడు. మిషన్ పాడైందనుకుని అట్టముక్క చింపేశాను.

తెనాలి నుంచి బాపట్లకి టిక్కెట్టు రూపాయి పావలా. పదిన్నరకి దిగాను. డాక్టరుగారి ఇంటికి రిక్షా అర్ధరూపాయని అందరూ చెబుతారు.

“ముప్పావలా ఇప్పించండమ్మగారూ. ఎదురుగాలి. పైగా...” అని రిక్షా అతను నన్ను ఓసారి పైనుంచి కిందికి చూసి ఆగిపోయాడు. బేరం ఆడకుండా ఎక్కాను.

డాక్టరుగారి దగ్గరున్న నర్సమ్మ పెద్దావిడ. తూకం దగ్గర ముల్లు చూసి, “చెప్పులు విప్పమ్మా,” అంది. విప్పాను. ముల్లు కదల్లేదు. డెబ్బై నాలుగు.

“ఏం తింటున్నావమ్మా?”

“అన్నం మానేశానండి.”

“అది కాదు. ఏం తింటున్నావు?”

చెప్పాను. పొద్దున అయిదారు ఇడ్లీలు, మధ్యాహ్నం అట్లు, సాయంత్రం నేతిలో కాల్చిన మినపరొట్టె, శనివారాలు గారెలు. వినబడీ వినబడనట్టు చెప్పాను. ఆవిడ నవ్వలేదు, తల పట్టుకుంది. “ఇడ్లీలో ఉన్నది బియ్యం కాదా తల్లీ? గారెలు నూనెలోనే కదా వేగేది? నెప్పి ఎక్కువైందా ఈ మధ్య?”

ఎక్కువైంది. ముఖ్యంగా శనివారం రాత్రులు. ఆ రెండింటినీ కలిపి ఆలోచించాలని నాకు తట్టలేదు. మా వైపు శనివారం ఉపవాసం అంటే రాత్రి అన్నం తినకపోవటమే. పలహారం భోజనం కిందికి రాదు. కాన్వెంటులో పదేళ్ళు చదివి కూడా నేను అదే లెక్కలో ఉన్నాను.

డాక్టరుగారు కాగితం చూసి, “ఈ బరువుకి నేను మత్తు ఇప్పించను. మీ అమ్మగారి సంగతి తెలిసాక అసలు ఇప్పించను. రెండు నెలల తర్వాత రా,” అన్నారు. “ఈలోపు నెప్పి ముదిరితే?” అని నేను అడిగేలోపే ఆయనే చెప్పారు. “ముదిరితే అప్పుడు బరువు చూసే వ్యవధి ఉండదు. అదే నా భయం.”

తిరుగు ప్రయాణానికి తెనాలి దాకా వెళ్ళే ఓపిక లేక రేపల్లె బస్సెక్కాను. పన్నెండున్నరకి ఒకటుంది. పక్కన సూర్యలంక వైపు నుంచి వచ్చిన ఒక పల్లెకారుల ఆవిడ కూర్చుంది. ఎండుచేపల గంప బస్సు మీదికి ఎక్కించింది. చెరుకుపల్లిలో బస్సు పావుగంట ఆగింది. దిగి నాలుగు మిరపకాయ బజ్జీలు కొనుక్కున్నాను. ఎందుకో చెప్పలేను. ఇంక ఏం తింటే ఏంటి అనిపించింది. సీట్లోకి వచ్చి తింటూ ఉంటే కళ్ళ నీళ్ళు కారాయి.

“ఏడుస్తా తింటన్నావేంటమ్మా? కారమా?”

“కాదు పిన్నీ.”

“కారం కాకపోతే ఒకటి ఇటు తే,” అని ఆకులోంచి తీసుకుంది. ఎవరితోనూ మాట్లాడని నేను అంతా ఆవిడకి చెప్పేశాను. అన్నం మానేశానన్న దగ్గర ఆవిడ నమలటం ఆపింది.

“మా ఇంట్లో అన్నం లేకపోతే ఇంకేం ఉండదమ్మా. మీ ఇంట్లో అన్నం లేకపోతే నేతిరొట్టెలుంటాయి.” ఎగతాళిగా అనలేదు. రెండో బజ్జీ కూడా తీసుకుని, “ఇయ్యి నీకెందుకులే,” అంది.

భట్టిప్రోలు దాటేలోపే నెప్పి మొదలైంది. రేపల్లె దాకా ముందు సీటు కమ్మీ పట్టుకుని వంగి కూర్చున్నాను. ఆవిడ వీపు రాస్తూ ఉంది.

ఇల్లు చేరేసరికి మూడు దాటింది. నాయనమ్మ మినప్పప్పు రుబ్బుతోంది.

“కాళ్ళు కడుక్కో. రొట్టె వేస్తాను. పాపం పొద్దుటినుంచీ ఏం తిన్నావో.”

“రొట్టె వద్దు నాయనమ్మా. ఇవాళ్టినుంచి అన్నమే తింటాను. పూటకి ఒక గరిటె.”

రోట్లో పొత్రం ఆగింది. “పోనీలే తల్లీ. రెండు నెలలు నిలబడ్డావుగా. అంటే ఇంక ఆపరేషన్ లేనట్టేనా?” అని పైట చెంగు కళ్ళకి అద్దుకుంది. నేను ఓడిపోయి అన్నం అడుగుతున్నాననుకుంది. కూర్చోబెట్టి ఇడ్లీల దగ్గరనుంచి అన్నీ చెప్పాను.

రోట్లో పిండి గిన్నెలోకి తోడింది. “నెయ్యి నేనే వేశాను కదే. అన్నం కూడా తినటం లేదని జాలిపడి రెండు గరిటెలు ఎక్కువే వేశాను.”

“నేను తిన్నాను కదా,” అన్నాను. పిండి పక్కింటికి ఇచ్చేసింది.

ఇది రాసేసరికి ఇరవై రోజులైంది. నెప్పి రెండుసార్లు వచ్చింది. పోయిన వారం పెళ్ళి భోజనంలో మళ్ళీ తప్పాను, మర్నాడు మళ్ళీ ఒక గరిటె దగ్గర మొదలుపెట్టాను. ఇప్పటిదాకా జారినప్పుడల్లా జారానని తెలిసింది. ఆ రెండు నెలలు మాత్రం గట్టెక్కుతున్నాననుకుంటూ జారాను, భయపెట్టేది అదే. అరవై నాలుగుకి ముందు చేరతానో, నెప్పి ముందు ముదురుతుందో తెలియదు. నాయనమ్మ గరిటె తలగొట్టి, అంచుకి సమంగా పెడుతుంది, నేను దాంతోనే సరిపెట్టుకుని లేస్తున్నాను.

బాపట్ల వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. బయలుదేరే ముందు వారంరోజులు నోట్లో వేసుకున్న ప్రతిదీ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. పలహారం కూడా.