పెరట్లో పూసిన పాపిడి

అల్లూరు చుట్టుపట్ల అడవి పాపిడిచెట్టును పెరట్లో పూయించిన మొదటి మనిషి వెంకటశేషమ్మ. 1961 ఏప్రిల్‌లో పూసింది. ఆమె కాయించిన గుమ్మడికాయలూ, ఇంటింటికీ పంచిన కరివేపాకు మొక్కలూ ఊరెరిగినవే కానీ, ఇదీ గొప్పంటే.

సముద్రం దారిలో చిట్టడవి ఉంది. ఎండాకాలం వస్తే అక్కడ పాపిడి తెల్లటి గుత్తులుగా విరగబూస్తుంది. ఒకసారి ఆ వాసనకు వెంకటశేషమ్మ బండి ఆపించి మరీ దిగింది. ఇంట్లో పెంచుతానంటే మొగుడు రంగనాయకులు పకపకా నవ్వాడు.

"అడివిచెట్టు ఇంట్లో పూస్తాదంటనే? పూస్తే నెల్లాళ్ళు నేనే వండుకోని తింటా. నువ్వు గూడూరు పోయి మీ అక్క కాడ దర్జాగా కూచో!"

"మాట తప్పరు గదా?"

"తప్పితే అడుగు!"

పెళ్ళయ్యాక ఆమె అక్క ఆదిశేషమ్మ ఇంట్లో నిండా ఒక రోజు ఉన్నది లేదు. నాట్లో, కోతలో, ఏదో ఒకటి అడ్డం. ఇక ఆ చెట్టు పూయక తప్పదనుకుంది.

మొక్క తెచ్చి నాటాలంటే వానాకాలమే అదను. అప్పటికి పూలు రాలిపోయి పొదలన్నీ ఒక్క తీరే. మొదటేడు ఏరికోరి తెచ్చిన మొక్కను చూసి, "ఇది కొరివిచెట్టు. పొయ్యిలోకి పనికొస్తాదిలే" అన్నాడు రంగనాయకులు. మరుసటేడు ఒక్కో ఆకునూ వెలుతురుకెత్తి చూసింది. ఆకులో ఆవాలు చల్లినట్టు నల్లచుక్కలుంటే పాపిడి, లేకుంటే కాదు. ఆ గుర్తు తనే పట్టింది.

తెచ్చిందా, వరి పండించే చెయ్యి ఊరుకుంటుందా? మొక్క చుట్టూ మడి కట్టి నీళ్ళు నిలబెట్టింది. వేరు కుళ్ళిపోయింది.

"చెట్టు నాటినావా, నారు నాటినావా? నీ గూడూరు బస్సు పోయిందే!"

ఆమె మళ్ళీ అడవికి పోయింది. ఈసారి చెట్టును వదిలి, చెట్టు కింద నేలను చూసింది. ఇసక, మాగిన ఆకులు, పైన పెద్దచెట్ల నీడ. ఇంటికొచ్చి వేపచెట్టు నీడలో ఇసకా ఆకుమట్టీ దిబ్బగా పోసి నాటింది. చెంబుతో తప్ప నీళ్ళు పొయ్యలేదు.

రెండు ఎండాకాలాలు ఆకులే. మూడో ఎండాకాలం ఒక పొద్దున రంగనాయకులు ముక్కు ఎగబీలుస్తూ పెరట్లోకి వచ్చాడు.

"ఏందే ఈ వాసన?"

"మీ వంట వాసన!"

ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చూడవచ్చి, తలలో తలా ఒక గుత్తి తురుముకుని పోయారు. పోతూ పోతూ రంగనాయకుల్ని పప్పులో ఉప్పెంతో అడిగారు.

ఏప్రిల్ ఇరవైన గూడూరు బస్సెక్కేటప్పుడు వెంకటశేషమ్మ చేతిలో అక్క కోసం పాపిడి మొక్క ఉంది. కిటికీ కింద నిలబడి మొగుడు గొంతు తగ్గించాడు.

"నెల్లాళ్ళంటే ఎప్పటికొస్తావే?"

"మే ఇరవై, శనివారం," అంది.