నాయిన ఛాతీ ముప్పై ఎనిమిది

మొన్న మా చిన్నదాని ఊలు స్వెట్టరును వాషింగ్ మిషన్లో వేడినీళ్లతో తిప్పి, పిల్లిపిల్లకు సరిపోయేలా బయటికి తీశాను. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, మిషన్ మీద ఇంగ్లీషులో రాసి ఉన్నవన్నీ అలంకారానికనుకున్నాను. నా భార్య తిట్టిన తిట్లు ఇక్కడ రాయను గాని, ఆ తడి ఊలు వాసన తగలగానే గోదావరిఖనిలో మేము పెరిగిన రెండు గదుల క్వార్టరూ, బొగ్గుపొయ్యి మీద సర్వపిండి అంచు మాడుతున్న వాసనా, నాయిన దగ్గూ అన్నీ ఒక్కసారే లేచి వచ్చాయి.

అమ్మ కాలనీ కుట్టుకేంద్రంలో అల్లిక నేర్చుకుంది. సూదుల మీదినుంచి దిగిన స్వెట్టర్ అంచులు చుట్టుకుపోయి, అప్పుడే నిద్రలేచినవాడి మొహంలా ఉంటుంది. అమ్మ దాన్ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిండకుండా తువ్వాలలో చుట్టి అదిమి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క నులకమంచం మీద బొంత పరిచి, దాని మీద సాపుగా వేసి, టేపుతో కొలుచుకుంటూ చుట్టూ రెండువేళ్ల ఎడంతో గుండుసూదులు గుచ్చేది. మధ్యాహ్నం పక్కనున్న ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ అయితే తలుపులు అదిరి, రేకుల సందుల్లోంచి బొగ్గుపొడి రాలేది. అందుకని పైన నాయిన ధోవతి కప్పేది. రెండ్రోజుల్లో ధోవతి నల్లబడేది, కింద స్వెట్టర్ మాత్రం దుకాణంలో కొన్నట్టు, గుచ్చిన కొలతకు నిలబడేది.

నాయిన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఆ చలికాలం దగ్గు పట్టుకుని, పనికి పోలేక ఇంట్లోనే ఉండిపోయాడు. దవాఖానలో డాక్టర్ అమ్మను పక్కకు పిలిచి, ఇక చేసేదేమీ లేదని చెప్పాడు. అమ్మ ఆ మాట నాయినతో అనలేదు. ఎండాకాలానికి మళ్లీ షిఫ్టుకు పోతానని ఆయన బూట్లు తుడిచి పెట్టుకునేవాడు. ఒంటి మీద అమ్మ అల్లిన స్వెట్టర్ ఒక్కటే వారం వారం వదులవుతూ గుట్టు బయటపెట్టేలా ఉంది. అందుకని అమ్మ ఉతికే వంకన దాన్ని తడిపి, ఒక అంగుళం లోపలికి గుచ్చి ఆరబెట్టింది. నాయిన తొడుక్కున్నాడు, సరిపోయింది.

కొలత తేవడం నా వంతు. చిర్రగోనె ఆడుతున్నవాణ్ణి పిలిచి టేపు చేతికిచ్చేది. నేను పెద్ద దర్జీలా ముక్కు మీద లేని కళ్లద్దాలు సర్దుకుని, నాయిన చుట్టూ టేపు తిప్పి, "ఛాతీ ముప్పై ఎనిమిది. పెండ్లికొడుకు ఏం తింటుండో గని, తాను మొత్తం చింపినా బట్ట సాలదు" అని ప్రతిసారీ అదే కొలత కేకేసేవాణ్ణి. వీపు వెనక మాత్రం ఎన్ని అంగుళాలు తగ్గాడో అన్ని వేళ్లు అమ్మకు చూపించేవాణ్ణి. నాయిన నవ్వేవాడు, నవ్వు దగ్గులోకి దిగేది, అది ఆగేదాకా టేపు పట్టుకుని నిలబడేవాణ్ణి. మొదట ఒక వేలు, తర్వాత రెండు. నాలుగు వేళ్లు చూపించిన రోజు అమ్మ మొహం తిప్పుకుంది. ఊలు అంత లోపలికి రాదు, ముడతలు పడుతుంది. అయినా గుచ్చింది.

ఆ స్వెట్టర్ ఇంకా మంచం మీద ఆరుతుండగానే నాయినకు దగ్గు ఎక్కువై దవాఖానకు తీసుకుపోయారు. తెల్లారి, అక్కడివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారని నలుగురు మనుషులు నాయినను మోసుకొచ్చి గడపలో నిలబడ్డారు. అమ్మ వాళ్లను ఆగమని, ఎవరినీ చెయ్యి వేయనీయకుండా, ఒక్కో గుండుసూది తీసి నేను పట్టుకున్న డబ్బాలో వేసింది. అన్నీ తీసేదాకా వాళ్లు అట్లాగే మోస్తూ నిలబడ్డారు. నాయిన ఆ మంచం మీద రెండ్రోజులున్నాడు. స్వెట్టర్ ఆయనతోనే పంపాం.

ఆ క్వార్టర్ల వరస ఇప్పుడు లేదు. ఓపెన్‌కాస్టు దాన్నీ, మేము ఆడుకున్న జాగానూ తినేసింది. స్వెట్టర్లు బస్టాండు దగ్గర కుప్పపోసి అమ్ముతారు, వాటికి ఎవరి ఒంటి కొలతా అక్కర్లేదు. నేను పాడుచేసిన చిన్నదాని స్వెట్టరును చూపు మందగించిన అమ్మ ఒళ్లో వేసుకుని, అంచులు పట్టి మెల్లగా సాగదీస్తుంటే, నవ్విద్దామని, చివరిదాకా నాయినకు అనుమానం రాకుండా మనిద్దరం ఎట్లా నడిపించామని గొప్పలు పోయాను. అమ్మ తల ఎత్తలేదు.

"మొలతాడు రెండుసార్లు కురుచ చేసి కట్టుకున్నోనికి తెల్వదారా? నువ్వు సంబురపడుతున్నవని ఊకున్నడు."