తీసేసిన ఫోల్డర్

మారతహళ్ళిలో ఒక చిన్న కంపెనీకి సర్వర్లు చూసేవాణ్ణి. ఒక సోమవారం పొద్దున లినక్స్ సర్వర్లో డిస్క్ పూర్తిగా నిండిపోయి మా సైట్ ఆగిపోయింది. మేనేజర్ అందరి ముందూ నన్ను కడిగేశాడు.

సిస్టమ్ పాత వెర్షన్ల కెర్నెళ్ళు తీసేశాను. అక్కరలేని ప్యాకేజీలు తీసేశాను. ఒక ప్రోగ్రామ్ తన పనుల చిట్టా రాసుకునే లాగ్ ఫైలు కొండలా పెరిగి ఉంటే, దాన్నీ చెరిపేశాను. ఖాళీ అయిన కాస్త చోటూ కళ్ళముందే మళ్ళీ నిండిపోయింది. ఎందుకని ఆగి ఆలోచించాల్సింది. కానీ నాకు ఎవరి మీదైనా విరుచుకుపడాలని ఉంది. ఉద్యోగుల ఫోల్డర్లు తెరిచాను.

ఒకదాని నిండా ఆడియో ఫైళ్ళు. టెస్టింగ్ టీమ్‌లో పెద్దాయనవి. యాభై దాటిన మనిషి, మడకశిర వైపు నుంచి వచ్చినవాడు. ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడగా వినలేదు. ఆయన్ని పిలిచి, హాలంతా వినబడేలా స్పీకర్లో ఒక ఫైలు పెట్టాను.

"క... క... క... కాకి..." చిన్నపిల్ల గొంతు. ఆ ఒక్క మాట దగ్గరే మళ్ళీ మళ్ళీ తడబడుతోంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఆపలేదు.

"మా పాప అప్పా," అన్నాడాయన. "నత్తి ఉండాది. దినామూ చదివించి రికార్డు చేస్తాండా. నాలుగేండ్లవి. ఇంట్లో కంప్యూటర్ చెడిపోయిందని ఇక్కడ పెట్టినా. సాయంత్రం దాకా ఉంచప్పా, పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటా."

"ఇది ఆఫీస్ సర్వర్ సార్, మీ ఇంటి అటక కాదు."

ఈసారి ఇంకా ఎక్కువమంది నవ్వారు. పొద్దున తిన్న తిట్ల తర్వాత ఆ నవ్వు నాకు హాయిగా అనిపించింది. ఆయన చూస్తుండగానే కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కాను.

"పోయినాయా?"

"పోయాయి."

"మల్లా తేలేమా?"

"రావు."

కాసేపు స్క్రీన్ వైపే చూసి, వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు.

సైట్ మాత్రం లేవలేదు. మధ్యాహ్నానికి గాని అసలు సంగతి తెలియలేదు. నేను చెరిపిన లాగ్ ఫైలును ఒక ప్రోగ్రామ్ ఇంకా తెరిచి పెట్టుకుని, దాంట్లో రాస్తూనే ఉంది. అది వదిలితే గాని ఆ చోటు ఖాళీ కాదు. ఆ ప్రోగ్రామ్‌ను రీస్టార్ట్ చేశాను. నిమిషంలో సగం డిస్క్ ఖాళీ. ఆ పాప గొంతు ఆక్రమించిన చోటు దాని ముందు లెక్కలోకే రాదు.

సాయంత్రం బస్టాపులో ఆయన కలిశాడు.

"సైట్ లేసిందంట కదప్పా. మావి తీసినాకే చోటు సరిపోయిందా?"

"అవును సార్, వాటి వల్లే," అన్నాను.

"పోనీలే." ముఖం కాస్త తేలికపడింది. "పాపకు అదే చెప్తా. నీవి తీస్తేనే నాయన ఆఫీసు నడిచింది అని."

వర్తూరు బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇంకో ఏడాదిన్నర ఒకే హాల్లో పనిచేశాం. రోజూ పొద్దున్నే ఆయనే ముందుగా నన్ను పలకరించేవాడు. అసలు సంగతి నేను చెప్పలేదు.