మా బావి ఎవరి కిందికి వస్తుంది?

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పెళ్లికూతురిని చేసే పొద్దున ముత్తయిదువలు పొలంలోని బావికి పసుపు కుంకుమ పెట్టి, ఆ నీళ్లు తోడి తెచ్చి పిల్లకు తలంటు పోస్తారు. మా మేనత్తకు పోశారు, నాకూ పోశారు. ఈ ఏడు మా అన్న బిడ్డ వంతు. ముహూర్తం పెట్టుకునే నాటికి బావిలో మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. అన్నకు పెళ్లి పనులన్నింటికన్నా అదే పెద్ద బెంగ అయింది.

కారణం తెలియనిదేమీ కాదు. మా ఊరు తాండూరు దగ్గర. పక్క చేనులో నాపరాయి గని తెరిచారు. లోతుకు పోయేకొద్దీ ఊట తగులుతుంది, దాన్ని మోటార్లు పెట్టి రాత్రింబవళ్లు వాగులోకి తోడేస్తారు. గ్రామసభలో గనికి చేతులెత్తిన వాళ్లలో మా అన్న కూడా ఉన్నాడు. రాయి తీస్తే రాయే పోతుందనుకున్నారు అందరూ. నీళ్ల మాట ఎవరికీ తట్టలేదు, ఎవరూ చెప్పనూ లేదు.

పెళ్లి అయ్యేదాకా ఆ మోటార్లు ఆపిస్తే చాలునని అన్న తిరగడం మొదలుపెట్టాడు. నా కాపురం జిల్లా ఆఫీసులుండే వికారాబాద్‌లో, పైగా నోరున్నదాన్ని, కాబట్టి వెంట నేను. పంచాయతీలో "మేం ఊకె తీర్మానం ఇచ్చినం, పర్మిషన్ పై నుంచే వచ్చింది" అన్నారు. మండలంలో "భూమి వరకే మాది, రాయి సంగతి గనులోళ్లను అడుగుండ్రి" అన్నారు. గనుల వాళ్లేమో నీళ్లతో మాకు పని లేదన్నారు. నీళ్లను చూసే ఆఫీసులో ఒకాయన మంచివాడే, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "అమ్మా, నీళ్లు ఎంత లోతుల ఉన్నయో కొలుస్తం గని, తోడెటోళ్లను ఆపే పవర్ మాకు లేదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "మరి మా బాయి ఎవరి కిందికి వస్తది సార్? పైన నేల మాదంటరు, కింద రాయి సర్కారుదంటరు. నడుమ నీళ్లకు దిక్కెవరు?" అని అడిగేశాను.

అన్న నా చెయ్యి పట్టి లాగాడు. "ఊకో చెల్లె, పాపం ఆయనేం చేస్తడు."

వికారాబాద్ కలెక్టరాఫీసులో సోమవారం సోమవారం జనం గోడు వింటారంటే అక్కడ అర్జీ కూడా ఇచ్చాం. పై అధికారి శ్రద్ధగా విని, విచారించమని కిందికి రాశాడు. అది ఒక్కో ఆఫీసే దిగి దిగి, చివరికి మా పంచాయతీకే చేరింది. ఆ సంగతి తెలిసిన రోజు తాండూరు బస్సులో అన్న నవ్వాడు. నవ్వి, కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

పెళ్లికూతురిని చేసే పొద్దున బావి అడుగున ఒట్టి బురద. ముత్తయిదువలు పళ్లాలు పట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా వదిన ఎవరినీ ఏమీ అడగలేదు. కొన్న క్యాన్ నీళ్లు బొక్కెనలో పోసి, తాడు మెల్లగా వదులుతూ అడుగుకు ఆనేదాకా దించింది. మళ్లీ పైకి లాగబోతుంటే అన్న వచ్చి తాడు అందుకున్నాడు. చుక్క ఒలకకుండా తనే చేదాడు.

ఇంటికి తెచ్చి పిల్లకు పోశాం. పీట మీద తల వంచుకుని కూర్చుంది.

"మన బాయి నీళ్లే బిడ్డా" అన్నాడు అన్న, గుమ్మం దగ్గరే నిలబడి.

దానికి అంతా తెలుసు. తల ఎత్తకుండానే, "అవ్ నాయినా, సల్లగున్నయ్" అంది.